క్రాస్‌వర్డ్ క్లూలో 'స్కాటిష్' అని కనపడితే వదిలేయొద్దు, ఇట్లా చెయ్యండి

తిరుపతిలో పొద్దున్నే హిందూ పేపర్ రాగానే నేరుగా క్రాస్‌వర్డ్ పేజీకి పోయేవాళ్లు చానామందే ఉండారు, రిటైరైన మాస్టర్లు, బ్యాంకోళ్లు, యూనివర్సిటీ పిల్లకాయలు, టీ అంగడి బెంచీ మీద పేపర్ మడిచి పెట్టుకొని పెన్నుతో గళ్లు నింపతా కనిపిస్తారు. అనాగ్రామ్ (అక్షరాలు తారుమారు చేసిన మాట) వస్తే గబగబా అక్షరాలు కలిపేస్తారు, హిడెన్ వర్డ్ (క్లూలోనే దాక్కున్న జవాబు) అయితే కళ్లతోనే పట్టేస్తారు, కానీ క్లూలో 'స్కాటిష్' అనో 'ఇన్ గ్లాస్గో' అనో ఒక్క మాట పడిందంటే చాలు, పెన్ను ఆగిపోతుంది, మనకి స్కాట్లాండ్ భాష యాడొస్తాది లే అని పక్క క్లూకి పోతారు. అట్లా పోవాల్సిన అవసరమే లేదు. ఇందులో బట్టీ పట్టాల్సినవి కొన్నే, మిగతావన్నీ నాలుగైదు శబ్దాల మార్పులు తెలిస్తే మనమే తయారు చేసుకోవచ్చు, అసలు నన్నడిగితే క్రిప్టిక్‌లో, అంటే క్లూలో ఒక కొస జవాబు అర్థం చెప్పి మిగతాది అక్షరాలు కట్టే చిక్కుముడిగా ఉండే క్రాస్‌వర్డ్‌లో, ఇంత న్యాయంగా ఉండే క్లూలు ఇంకో రకంలో దొరకవు, ఎందుకంటే సెట్టర్, అంటే పజిల్ కట్టేవాడు, ముందే 'ఇది స్కాట్లాండ్ మాట' అని చెప్పేసి అడగతాడు.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకోవాలి. స్కాట్లాండ్‌లో ఇంగ్లీష్ కాకుండా రెండు వేరే భాషలున్నాయి. ఒకటి గేలిక్, ఇది సెల్టిక్ కుటుంబం, ఐరిష్‌కి దగ్గర, ఇంగ్లీష్ తెలిసినా ఒక్క ముక్క అర్థం కాదు. రెండోది స్కాట్స్, ఇది పాత ఇంగ్లీష్‌లో ఉత్తరం వైపు మాట్లాడిన యాసలోంచి పెరిగింది, అంటే ఇంగ్లీష్‌కి తోడబుట్టిందే. క్రాస్‌వర్డ్‌లో వచ్చేది చానా మటుకు ఈ రెండోదే, గేలిక్ నుంచి వచ్చేవి ఎక్కువగా లాక్ (సరస్సు), గ్లెన్ (లోయ), బెన్ (కొండ) లాంటి కొండలూ నీళ్లూ మాటలే. స్కాట్స్ చచ్చిపోయిన భాషేం కాదు, 2011 జనాభా లెక్కల్లో 15 లక్షలమందికి పైగా మాకు మాట్లాడడం వచ్చని చెప్పారు, 2025లో స్కాటిష్ పార్లమెంట్ చట్టం చేసి గేలిక్‌తో పాటు దీనికీ అధికార హోదా ఇచ్చింది. కాబట్టి దీన్ని తప్పు ఇంగ్లీష్ అనుకొని చూడొద్దు, దానికంటూ ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతే మనకి పనికొచ్చేది.

సెట్టర్లకి ఈ మాటలంటే ఎందుకంత ఇష్టం అంటే, ఇవి చిన్నవి, అచ్చులెక్కువ. ఏ-ఈ, ఈ-ఈ-ఎన్, ఏ-ఐ-ఎన్ లాంటి ముక్కలు పెద్ద పదం మధ్యలో అతకడానికి భలే అనువుగా ఉంటాయి. ఇంకో కారణం ఛాంబర్స్ డిక్షనరీ. అది ఎడిన్‌బరోలో విలియం, రాబర్ట్ ఛాంబర్స్ అనే అన్నదమ్ములు పెట్టిన కంపెనీది, 1901లో ఆ డిక్షనరీ వచ్చినప్పటి నుంచీ స్కాట్స్ మాటలు దాంట్లో దండిగా ఉంటాయి, బ్రిటన్‌లో కష్టమైన పజిల్స్‌కి అదే ప్రమాణం, అట్లా ఈ మాటలు క్రాస్‌వర్డ్ లోకంలో పాతుకుపోయినాయి.

సరే, మొదటి పని గుర్తుపట్టడం

'స్కాటిష్', 'స్కాట్స్', 'నార్త్ ఆఫ్ ద బోర్డర్' అని నేరుగా ఉంటే ఇబ్బంది లేదు. ఊరి పేరుతో చెప్తే కొంచెం కళ్లు తెరుచుకోవాలి: గ్లాస్గో, డండీ, పర్త్, ఎయిర్, లీత్, స్టర్లింగ్, ఓబన్, నెయిర్న్, పెయిస్లీ, ఇవన్నీ స్కాట్లాండ్ ఊర్లే. 'విక్' అని క్లూ మొదట్లో పెద్దక్షరంతో వస్తే దీపం వత్తి అనుకుంటాం, అది కూడా అక్కడ ఉత్తరాన ఒక ఊరే. అన్నిటికన్నా గడుసుది 'బర్న్స్'. క్లూ మొదట్లో పెడితే మొదటి అక్షరం ఎట్లాగూ పెద్దదే గాబట్టి 'కాలుతుంది' అనే క్రియలాగా కనపడతాది, కానీ అది రాబర్ట్ బర్న్స్, 1759లో ఎయిర్ పక్కనే ఆలోవే అనే ఊళ్లో పుట్టిన కవి, స్కాట్స్‌లో రాసినాడు, లోకమంతా జనవరి ఒకటో తేదీ పాడే ఆల్డ్ లాంగ్ సైన్ ఆయన చేతి మీదుగా వచ్చిందే. ఆ మూడు మాటల్లోనే మూడు జవాబులున్నాయి చూడండి, ఆల్డ్ అంటే పాత, లాంగ్ అంటే పొడుగు, సైన్ అంటే అప్పటి నుంచి. ఏ-యు-ఎల్-డి, ఎల్-ఏ-ఎన్-జి, ఎస్-వై-ఎన్-ఈ. మూడూ గళ్లలో తరచుగా పడేవే.

ఇంక అసలు సంగతి, శబ్దాల మార్పు

మన చిత్తూరు వైపు మాట తీసుకోండి. కొత్తగా వచ్చిన కోస్తావాళ్లకి 'ఇక్కడ'ని 'ఈడ' అంటారని ఒక్కటి తెలిస్తే, 'అక్కడ' 'ఆడ' అవుతుందని, 'ఎక్కడ' 'యాడ' అవుతుందని ఎవరూ కూర్చోబెట్టి నేర్పాల్సిన పన్లేదు, నాలుగు రోజుల్లో వాళ్లే అనేస్తారు. స్కాట్స్ కూడా సరిగ్గా ఇట్లాగే నడుస్తాది.

మొదటిది, అన్నిటికన్నా పెద్దది. ఇంగ్లీష్‌లో 'ఓ' పలికే చానా చోట్ల వాళ్లు 'ఏ' పలుకుతారు. హోమ్ వాళ్లకి హేమ్, స్టోన్ స్టేన్, బోన్ బేన్, మోర్ మేర్, గో గే, సో సే, నో నే. పాత ఇంగ్లీష్‌లో ఈ మాటలన్నిట్లో దీర్ఘ 'ఆ' ఉండేది, ఇల్లుని హామ్ అనేవాళ్లు, రాయిని స్టాన్ అనేవాళ్లు, దక్షిణాన అది 'ఓ' వైపు పోయింది, ఉత్తరాన 'ఏ' వైపు పోయింది, అంతే తేడా. స్పెల్లింగ్ ఎట్లా ఉంటాదంటే హేమ్ హెచ్-ఏ-ఎం-ఈ, స్టేన్ ఎస్-టి-ఏ-ఎన్-ఈ, అంటే 'ఓ' తీసి 'ఏ' పెట్టడమే. రెండు మూడక్షరాల మాటలకి చివర్లో ఏ-ఈ వస్తాది, గే, సే, నే అన్నీ అట్లాగే. 'ఓన్', అంటే సొంతం, ఏ-ఐ-ఎన్ అవుతుంది. 'వన్' ఏ-ఎన్-ఈ అవుతుంది, కొన్నిసార్లు ఉత్త ఏ-ఈ. ఇదే కుటుంబంలో 'టూ'కి ట్వా, 'హూ'కి హ్వా, 'కోల్డ్'కి కాల్డ్, 'రాంగ్'కి రాంగే గానీ ఓ బదులు ఏ. ఈ ఒక్క సూత్రం వంటబట్టించుకుంటే సగం క్లూలు తేలిపోతాయి, నేను ఊరికే చెప్పడం లేదు, కాగితం మీద 'ఓ' ఉండే ఇంగ్లీష్ మాటలు ఒక పది రాసి మార్చి చూడండి, తర్వాత డిక్షనరీ తెరిస్తే వాటిల్లో కొన్ని దాంట్లో ఉంటాయి.

రెండోది 'అవ్' పలికే చోట 'ఊ'. హౌస్ హూస్, డౌన్ డూన్, నౌ నూ, అవర్ ఊర్, మౌస్ మూస్. మూస్ అంటే ఇంగ్లీష్‌లో పెద్ద కొమ్ముల జంతువు కూడా గాబట్టి ఎలుకనీ దాన్నీ కలిపి సెట్టర్లు ఆడుకుంటారు.

మూడోది అక్షరాలు మింగేయడం. ఆల్ లో ఎల్స్ పోయి ఉత్త ఏ మిగులుతుంది, ఫాల్ ఎఫ్-ఏ, వాల్ డబ్ల్యూ-ఏ, ఫుల్ ఎఫ్-యు. గివ్ లో వి పోయి జి-ఐ-ఈ, హ్యావ్ లో వి పోయి హెచ్-ఏ-ఈ, డెవిల్ డీల్ అయిపోతాడు, డి-ఈ-ఐ-ఎల్. విత్ డబ్ల్యూ-ఐ. గళ్లలో అపాస్ట్రఫీ కనపడదు గాబట్టి ఇవి సెట్టర్లకి ఇంకా సుఖం.

నాలుగోది నైట్, రైట్, లైట్ లాంటివి. మధ్యలో ఉండే జి తీసి సి పెడితే చాలు, నిఖ్ట్, రిఖ్ట్ అని గొంతులోంచి పలుకుతారు, అక్షరాల లెక్క మారదు.

ఐదోది 'చ' బదులు 'క'. చర్చ్ కిర్క్, చెస్ట్ కిస్ట్, బ్రీచెస్ బ్రీక్స్, సచ్ ఎస్-ఐ-సి, ఈచ్ కి ఇల్కా. కిర్క్ లాంటివాటి వెనక వైకింగుల నోర్స్ భాష ఉంది. ఇంత కన్నా దీని గురించి చెప్పాల్సింది లేదు, కిర్క్ ఒక్కటే మిగతావాటన్నిటికన్నా ఎక్కువసార్లు వస్తాది.

ఇప్పుడు నాలుగు క్లూలు విప్పి చూద్దాం

ఇవి నేను ఇక్కడి కోసం కట్టినవి, పేపర్లోవి కాదు, బ్రాకెట్లో ఉండే అంకె జవాబులో అక్షరాల లెక్క. మొదటిది తిరుపతిలో ఉండేవాళ్లకి నోట్లో నానే మాట. "సైన్ ఫర్ స్కాట్ టు నో (5)". చివర్లో 'టు నో' ఉంది, తెలుసుకోవడం, దాన్ని స్కాట్ అంటే ఎట్లా అంటాడు? 'నో'కి అక్కడ మాట కెన్, కె-ఈ-ఎన్. ఇది శబ్దం మార్చితే వచ్చేది కాదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. టు అట్లాగే ఉంచి పక్కన కెన్ పెట్టండి, టి-ఓ-కె-ఈ-ఎన్, టోకెన్, అంటే గుర్తు, సైన్. శ్రీనివాసం దగ్గర తెల్లారకముందే సర్వదర్శనం టోకెన్ కోసం లైన్లో నిలబడేవాళ్లు రోజూ పలికే మాటలోనే ఒక స్కాట్స్ మాట ఇట్లా ఇమిడిపోతుంది, ఇంక మర్చిపోమన్నా మర్చిపోరు.

రెండోది. "సన్స్ హోమ్ ఇన్ స్కాట్లాండ్ ఈజ్ ఎ డిస్‌గ్రేస్ (5)". సన్‌కి క్రాస్‌వర్డ్‌లో ఎస్ అని పొట్టి రూపం ఉంది. హోమ్ ఇన్ స్కాట్లాండ్ మొదటి సూత్రం ప్రకారం హేమ్. ఎస్ పక్కన హేమ్ పెడితే షేమ్. డిస్‌గ్రేస్ అన్నా షేమ్ అన్నా ఒకటే. ఇక్కడ ఒక్క మాట బట్టీ పట్టలేదు చూడండి, అంతా సూత్రంలోంచే వచ్చింది.

మూడోది "ఫ్యాట్ పేజెస్ అరౌండ్ స్కాటిష్ చిమ్నీ (5)". పేజీలకి పొట్టి రూపం పి-పి. అరౌండ్ అంటే ఒక పి ముందు, ఒక పి వెనక, మధ్యలో స్కాట్లాండ్ పొగగొట్టం. దాన్ని లమ్ అంటారు, ఎల్-యు-ఎం. పి-లమ్-పి, ప్లంప్, బొద్దుగా ఉండేది. ఈ లమ్ అనేది సెట్టర్ల చేతిలో తెగ నలిగిన మాట, కాలమ్ లో కూడా ఉంది, కంపెనీకి సి-ఓ, తర్వాత లమ్, తర్వాత న్యూ కి ఎన్, కలిపితే స్తంభం.

నాలుగోదంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. "గో ఇన్ గ్లాస్గో విత్ బ్రిడ్జ్ అపోనెంట్స్ టు ఎ రివర్ (6)". బ్రిడ్జ్ అంటే వంతెన కాదు పేకాట, ఆ ఆటలో నలుగురు ఆటగాళ్లని నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అంటారు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జట్టు, పక్కపక్కన కూర్చున్నవాళ్లు ప్రత్యర్థులు, అంటే ఈస్టూ సౌతూ అపోనెంట్స్ అవుతారు, ఈ, ఎస్ వచ్చినాయి. ఇప్పుడు 'గో ఇన్ గ్లాస్గో' కావాలి. సూత్రం ప్రకారం గే అని జి-ఏ-ఈ పెడితే మొత్తం ఐదక్షరాలే అవుతాయి, మనకి ఆరు కావాలి. అక్కడ వెళ్లడానికి ఇంకో మాట కూడా ఉంది, గ్యాంగ్, జి-ఏ-ఎన్-జి. గ్యాంగ్ పక్కన ఈ-ఎస్ పెట్టి చూడండి, గంగానది ఇంగ్లీష్ పేరు. స్కాట్లాండ్ నది కోసం వెతుక్కుంటా ఉంటే మన గంగ బయటపడతాది. ఇక్కడ గమనించాల్సింది ఏమంటే, అక్షరాల లెక్క సరిపోకపోతే సూత్రం తప్పు కాదు, అదే అర్థానికి రెండో మాట ఉండొచ్చు, దాన్ని వెతకాలి.

ఊహతో రానివి, తెలుసుకోవాల్సినవి

కెన్, లమ్, గ్యాంగ్ చెప్పినాను. వీటితో పాటు పిల్లాడికి బెయిర్న్, ఏటిగట్టుకి గానీ కొండవాలుకి గానీ బ్రే, చొక్కాకి సార్క్, చెవికి లగ్, మూలకి న్యూక్, గేటుకి యెట్, భూస్వామికి లెయిర్డ్, సముద్రం మీంచి వచ్చే చల్లటి పొగమంచుకి హార్, తుప్పరతో దిగులుగా ఉండే వాతావరణానికి డ్రీఖ్. కన్ను ఈ-ఈ, కళ్లు ఈ-ఈ-ఎన్, ఈ రెండోది క్వీన్, గ్రీన్, స్క్రీన్ లాంటి ప్రతిదాని చివరా దాక్కొని ఉంటాది గాబట్టి దాన్ని మాత్రం చచ్చినా మర్చిపోవద్దు. సార్క్ గుర్తుండాలంటే కటీ సార్క్ ఓడ గుర్తుపెట్టుకోండి, 1869లో స్కాట్లాండ్‌లోనే డంబార్టన్‌లో కట్టిన టీ ఓడ, ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉంది, బర్న్స్ పద్యంలో ఒక మంత్రగత్తె తొడుక్కున్న పొట్టి చొక్కా పేరు దానికి పెట్టినారు. ఫ్రెంచ్ నుంచి దిగినవీ ఉన్నాయి, 1295లో స్కాట్లాండ్, ఫ్రాన్స్ ఇంగ్లండ్ మీద పొత్తు కుదుర్చుకున్నాయి, ఆ స్నేహం చానా కాలం నడిచింది, పెద్ద పళ్లేన్ని యాషెట్ అనడం, ఇబ్బంది పెట్టడాన్ని ఫ్యాష్ అనడం ఫ్రెంచ్ మాటల్లోంచి వచ్చినవే.

ఇవన్నీ కనీసం కొత్తగా కనపడతాయి. అసలు ప్రమాదం ఇంగ్లీష్ మాటలాగా కనపడి వేరే అర్థం ఇచ్చేవాటితో. గ్రీట్ అంటే మనకి పలకరించడం, వాళ్లకి ఏడవడం. "వెల్కమ్ టు వీప్ ఇన్ డండీ (5)" అంటే రెండు అర్థాలూ ఒకే మాట, గ్రీట్. బర్న్ అంటే వాగు. గేట్ అంటే వీధి, ఎడిన్‌బరోలో క్యానన్‌గేట్, గ్లాస్గోలో గ్యాలోగేట్ అని వీధుల పేర్లున్నాయి. క్లోజ్ అంటే సందు. మెసేజెస్ అంటే అంగడికి పోయి తెచ్చుకునే సరుకులు. పీస్ అంటే శాండ్‌విచ్. ప్రెస్ అంటే అలమర. మైండ్ అంటే గుర్తుంచుకోవడం. లిఫ్ట్ అంటే ఆకాశం. టాబ్లెట్ అంటే పంచదార, పాలు, వెన్న వేసి చేసే మిఠాయి. ఈ వరస మాత్రం ఒకచోట రాసి పెట్టుకోండి, ఎందుకంటే వీటిని ఏ సూత్రమూ పట్టుకోలేదు, కనపడ్డప్పుడు అనుమానం రావడం ఒక్కటే దారి.

జాగ్రత్తలు కొన్ని. 'స్కాట్' అని ఉన్న ప్రతిచోటా యాస మాటే ఉండదు, చానాసార్లు అది మనిషి పేరు, ఇయాన్ అనో మ్యాక్ అనో యాంగస్ అనో పెట్టాల్సి ఉంటాది, మూడక్షరాలైతే ముందు ఐ-ఏ-ఎన్ పెట్టి చూడండి. తర్వాత, 'స్కాటిష్' పక్కన నది, దీవి, ఊరు ఉంటే అది కూడా యాస కాదు, నది అయితే డీ, టే, ఎస్క్, దీవి అయితే స్కై, మల్, అయోనా ప్రయత్నించండి. వీ అనే మాట, డబ్ల్యూ-ఈ-ఈ, చిన్న అని అర్థం, అది ఇంగ్లీష్‌లో కలిసిపోయింది గాబట్టి స్కాట్లాండ్ ఊసే లేకుండా ఉత్త 'లిటిల్' అని కూడా రావచ్చు, ఎస్-టి అంటే స్ట్రీట్, దాని లోపల వీ పెడితే స్వీట్. లాక్, గ్లెన్, బానీ (అందమైన) కూడా అంతే. పర్త్ మీద మాత్రం ఎప్పుడూ ఒక కన్నేసి ఉండాలి, ఆస్ట్రేలియాలో అంతకన్నా పెద్ద పర్త్ ఉంది, సెట్టర్ అడిగేది ఆస్ట్రేలియా మాట కూడా కావచ్చు.

గళ్లలో అడ్డం నిలువు అక్షరాలు కొన్ని పడిన తర్వాత స్కాట్స్ క్లూ చూడడం మంచిది, మొదట్లోనే దాని మీద కూర్చోవద్దు. చివర ఏ-ఈ పడే వీలుంటే గే, హే, నే, సే, బ్రే వరసగా పెట్టి చూడండి. మొత్తం జవాబు స్కాట్స్ మాటే అయ్యేది తక్కువ, ఎక్కువసార్లు అది పెద్ద ఇంగ్లీష్ మాటలో ఒక ముక్క మాత్రమే, కాబట్టి డెఫినిషన్, అంటే జవాబు అర్థం చెప్పే ముక్క, క్లూ ఏ కొసలో ఉందో ముందు తేల్చుకోండి, స్కాట్స్ ముక్క దానంతటదే చిన్నదైపోతుంది.

ఊహించిన మాట నిజంగా ఉందో లేదో చూసుకోవడానికి ఛాంబర్స్ ఉంటే దాంట్లో మాట పక్కన స్కాట్ అనే గుర్తు వెతకండి. లేకపోతే ఫోన్‌లో డిక్షనరీస్ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్ అని కొట్టండి, డబ్బులేం కట్టక్కర్లేదు. దాంట్లో స్కాటిష్ నేషనల్ డిక్షనరీ మొత్తం ఉంది, 1931లో మొదలుపెట్టి 1976కి 10 సంపుటాలు పూర్తి చేసినారు, ప్రతి మాటకీ ఏ ఊరివాళ్లు ఎప్పుడు ఎట్లా వాడినారో వాక్యాలతో సహా ఉంటాది. మా వీధిలో ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ మాస్టరుండారు, ఆయన దగ్గరికి ఎవరైనా క్లూ పట్టుకొని పోతే "జవాబు నేను చెప్పను నాయనా, ముందు నువ్వు ఓ తీసి ఏ పెట్టి చూడు, ఆనక డిక్షనరీ తెరువు" అంటారు. నేనూ అదే చెప్తా, ముందు ఊహించి తర్వాత చూడండి, చూసి తర్వాత ఊహిస్తే ఆ మాట మళ్లీ వచ్చేసరికి గుర్తుండదు. చూసిన ప్రతి మాటా అది ఏ సూత్రంలోంచి వచ్చిందో ఆ సూత్రం కింద రాసుకోండి, ఏబీసీడీ వరసలో మాత్రం వద్దు, ఏ సూత్రం కిందా పట్టనివాటికి వెనక ఒక పేజీ వదిలిపెట్టండి.